పదకొండు రూపాయల ముడుపు

టాటానగర్ దగ్గర బాగ్‌బేరా రైల్వే కాలనీలో అప్పన్న కంటికి భయపడని నాణెం లేదు. రెండు పైసల బిళ్ల దగ్గర్నుంచి ఇరవై రూపాయల బిళ్ల దాకా ఏదైనా సరే, ఆయన అరచేతిలో పడగానే నిజం కక్కేస్తుందని అక్కడి జనం చెప్పుకుంటారు. ఒకసారి ఎవరో రూపాయి తెచ్చి చూపిస్తే, దీని మీద ఈగ వాలింది, ఆ ఈగకి ఎడమ కాలు కుంటి అని చెప్పాడట. ఈగని ఎవరూ చూడలేదు కాబట్టి ఆ మాట అబద్ధమని కూడా ఎవరూ అనలేకపోయారు.

అప్పన్నకి చదువు రాదు. ముప్పై నాలుగేళ్లు టాటానగర్ యార్డులో పాయింట్స్‌మన్‌గా రైలు డబ్బాలు ఒకదానికొకటి తగిలించాడు, విప్పాడు, జీతం రిజిస్టర్లో వేలిముద్ర వేశాడు. అంకెలు తెలుసు గాని అక్షరాలు తెలియవు. అయితే ఇనుము భాష మాత్రం ఆయనకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఎక్కడ నొక్కుకుంది, ఎటు సాగింది, ఎప్పుడు సాగింది అన్నీ చెబుతాడు. యార్డులో పనిచేసేవాడికి ఆ మాత్రం తెలియకపోతే వేళ్లు మిగలవు. అప్పన్నకి పదీ మిగిలాయి.

రిటైరయ్యాక ఆదివారం పొద్దున వరండాలో పీట వేసుకుని కూర్చునేవాడు. జనం వచ్చేవాళ్లు. అందరి చేతిలోనూ ఓ బిళ్ల, అందరి ఫోనులోనూ ఓ వీడియో. టంకశాలలో తప్పుగా అచ్చయిన బిళ్లకి లక్షలిస్తారని ఆ వీడియోలో ఎవడో గొంతు చించుకుంటూ ఉంటాడు. కద్మా నుంచి రమాదేవి అనే టీచరమ్మ ఒకసారి ఐదు రూపాయల బిళ్ల తెచ్చింది. దానికి ఒకవైపు బోసిగా ఉంది.

"ఈ పక్క అచ్చే పడలేదండీ. అచ్చం వీడియోలో చూపించినట్టే ఉంది," అంది.

అప్పన్న భూతద్దం కూడా తియ్యలేదు. "పడిందమ్మా. పడ్డాక సచ్చిపోనాది. ఇలాగ ఎండకి ఏటవాలుగా పట్టుకుని సూడు. సింహాల దెయ్యం కనిపిత్తందా, నేదా?"

ఆమె చూసింది. అరిగిపోయిన చోట మూడు తలకాయలు పొగలా కనిపించాయి.

"టంకశాల తప్పంటే పుట్టుకతో వచ్చిన మచ్చ. అచ్చే పడకపోతే అక్కడ దెయ్యం కూడా ఉండదు. పైగా అచ్చు కొట్టినప్పుడు సుట్టూ ఓ కంకణం పట్టుకునుంటాది. అందుకని అంచు చెదరదు. బయటికొచ్చీసాక దెబ్బ తగిల్తే పట్టుకునే దిక్కు నేదు కదా, లోహం పక్కకి పారిపోతాది. మచ్చకి ధర ఉంటాదమ్మా. దెబ్బకి ఉండదు."

"అయితే దీనికెంతొస్తుంది?"

"ఐదు రూపాయలొత్తాది. రోడ్డు మీద సమోసా యేయించుకుని తినీసి ఎల్లు."

ఇలా వందల మంది ఆశల మీద నవ్వుతూనే నీళ్లు చల్లాడు గాని, ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. సాక్చీలో పాత నాణేల దుకాణంవాడు కూడా అప్పన్న ఔనంటేనే కొంటాడు, కాదంటే తిప్పి చూడడు.

ఇంత చూపున్న మనిషి తన జీవితంలో ఒకే ఒక్క బిళ్లని చూడకుండా వదిలేశాడు. ఆ సంగతి ఆయనకి ఎనిమిది నెలల దాకా తెలియలేదు.

అప్పన్నకి ఒక్కతే కూతురు, యోగిత. సాక్చీలో మందుల దుకాణంలో పనిచేస్తుంది. అల్లుడు మురళి గమ్హరియా వైపు ఓ కారఖానా సైడింగులో, అంటే సరుకు బండ్లు ఆగే పక్క లైన్లో, ఠేకేదారనే కాంట్రాక్టరు కింద డబ్బాలు తగిలించేవాడు. మావ పనే అల్లుడికీ దొరికింది, మావకొచ్చిన పింఛను మాత్రం దొరకలేదు. ఇనుప మోపుని నవ్వుతూ ఎత్తే మనిషి. టీ తప్ప ఇంకేమీ తాగడు. టీ మాత్రం అతన్ని చూసి కెటిలే దాక్కునేంత తాగేవాడు.

పెళ్లయి నాలుగేళ్లయినా బిడ్డ పుట్టలేదు. యోగిత సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. ముడుపు కట్టడానికి ఇంట్లో కొత్త గుడ్డ లేకపోతే, అప్పన్న అటక మీంచి తన పొందూరు గావంచా తీసిచ్చాడు. అది అప్పటిదాకా వాడనిది. ముతక నేత, అంచున రెండేసి పోగులు కలిసి నడుస్తాయి. యోగిత అంచు చింపి పసుపు నీళ్లలో ముంచి, పది రూపాయల బిళ్లా ఒక రూపాయి బిళ్లా పెట్టి ముడి వేసింది. బిడ్డ పుట్టు వెంట్రుకలు తీయించడానికి కొండకి వెళ్లినప్పుడు ఆ పదకొండూ హుండీలో వెయ్యాలి.

"గూట్లో ఎట్టకండి, ఎలకలెత్తుకుపోతాయి. ఒంటి మీదుండాల," అన్నాడు అప్పన్న. అందుకని మురళి దాన్ని రోజూ చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

ఎనిమిది నెలల కిందట మురళి శవం మెయిన్ లైను పక్కన దొరికింది. ఛాతీ నలిగిపోయింది. ఆ రోజు అతనికి సెలవనీ, తాగి పట్టాలు దాటుతుంటే బండి తోసేసిందనీ ఠేకేదారు మనిషి చెప్పాడు. హాజరు రిజిస్టర్లో మురళి పేరు లేదు. లేబర్ ఆఫీసు కాగితంలో కూడా అదే మాట ఎక్కింది. యోగిత ఏడుసార్లు తిరిగింది. డబ్బు సంగతి ఆమె ఎత్తలేదు. తాగి పట్టాలు దాటాడన్న మాట కొట్టేయమంది. సాక్ష్యం తెమ్మన్నారు. సైడింగులో ఆ రోజు పనిచేసినవాళ్లందరికీ ఒకేసారి చూపు మందగించింది. వచ్చే మంగళవారం ఆఖరి వాయిదా. ఆ తరవాత ఫైలు మూసేస్తారు, మురళి ఎప్పటికీ తాగుబోతుగానే ఉండిపోతాడు.

పోస్టుమార్టం నుంచి శవాన్ని తిన్నగా సుబర్ణరేఖ ఒడ్డుకే తీసుకుపోయారు. నుదుట రూపాయి పెట్టాలి. నలభై మంది ఉన్నారు, ఒక్కడి దగ్గరా చిల్లర లేదు. అందరి డబ్బూ ఫోనుల్లో ఉంది. ఇంట్లో డబ్బాల కొద్దీ బిళ్లలున్న అప్పన్న జేబు కూడా ఖాళీయే. చివరికి మురళితో పనిచేసే చందు చెట్టు చాటుకి వెళ్లి ఎక్కణ్నుంచో ఓ రూపాయి తెచ్చి అప్పన్న చేతిలో పెట్టాడు. అది నుదుట నిలవలేదు. మూడుసార్లు జారింది. "గట్టిగా నొక్కు అప్పన్నా," అన్నాడు వెనకనుంచి పక్కింటి ఆదిబాబు. అప్పన్న పసుపు ముద్ద అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కాడు. కళ్లలో నీళ్లు నిండి ఆయనకి ఏమీ కనబడలేదు.

వాయిదాకి రెండు రోజుల ముందు, ఆదివారం పొద్దున, ఆ చందూయే వరండా మెట్లెక్కాడు.

"రారా చందూ. ఎనిమిది నెల్ల తరవాత దారి తెలిసినాదేటి," అన్నాడు అప్పన్న.

"పనులు మావయ్యా. డబల్ డ్యూటీలు." చందు కూర్చోలేదు. "ఓ బిళ్ల సూపించాలని వచ్చాను. ఆటోవోడు చిల్లరిచ్చాడు. మా ఇంటిది సోనీ, వీడియోలో సూసి, ఇది టంకశాల తప్పే, లక్ష వత్తాదని ఒకటే గోల. సాక్చీలో పాత బిళ్లలు కొనే సేట్ దగ్గరికి పట్టుకెల్తే, అప్పన్నతో ఔననిపించుకుని రా అన్నాడు. నానొద్దన్నాను. అదూరుకోనేదు."

"పెళ్లాం మాట ఇనకపోతే లక్షెలా వత్తాది. ఇలా తే."

పది రూపాయల బిళ్ల. చింతపండుతో తోమి, పెళ్లికి తయారుచేసినట్టు మెరిపించారు. దాని ముఖం మీద, సరిగ్గా నడిమధ్యన, ఇంకో బిళ్ల గుంట పడి ఉంది. ఆ గుంటలో రూపాయి గుర్తు తిరగబడి ఉంది, ఒకటంకె తిరగబడి ఉంది. అద్దంలో చూసినట్టు.

అప్పన్న ఈల వేశాడు. ఇంత అందమైన అబద్ధం ఆయన దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"సూడ్డానికి బానే ఉన్నాదిరా. మిషన్లో ఒక బిళ్ల ఇరుక్కుని, దాని మీద ఇంకోటి పడితే ఇలాగే తిరగబడి దిగుతాది. అదైతే నిజంగానే సేట్ నీ కాళ్లకి దండం పెట్టి కొంటాడు." భూతద్దం పెట్టాడు. "గాని పది రూపాయలు కొట్టే మిషన్లోకి ఒక రూపాయి బిళ్లెందుకొత్తాది? ఇదిగో, ఈ గుంట కింద పదంకె ఉన్నాది సూడు. నలిగిపోయి ఉన్నాది, దెయ్యం. ముందు పది అచ్చయ్యింది, తరవాత సచ్చిపోనాది. అంచు సూడు, రెండు పక్కలకీ ఉబ్బిపోనాది. పట్టుకున్న కంకణం నేదు. ఇది దెబ్బ."

"దెబ్బేనా," అన్నాడు చందు. గొంతులో నిరాశ లేదు. అది అప్పన్న చెవికి పట్టింది.

"ఎవడో వైసులో బిగించాడేమో అనుకుందామంటే, వైసుకింత బలం ఉండదు. రైలు సక్రం ఎక్కితే బిళ్ల ఆకులాగ ఓ పక్కకి సాగిపోతాది. ఇది సాగనేదు. ఇటొక ఇనుమూ అటొక ఇనుమూ ఎదురెదురుగా వచ్చి, దీన్ని మద్దెన ఎట్టుకుని…"

ఆయన ఆగిపోయాడు. ముప్పై నాలుగేళ్లు ఆ రెండు ఇనుముల మధ్యనే బతికిన మనిషి.

బిళ్లని ఎండలోకి వంచాడు. చింతపండు పసుపునైతే తోమేసింది గాని, లోహంలో దిగినదాన్ని తోమలేదు. గుంట చుట్టూ సన్నటి గళ్లు ఉన్నాయి, నేత గళ్లు. బిళ్లకీ బిళ్లకీ మధ్య గుడ్డ ఓ మూల ఇరుక్కుంది. అక్కడ గళ్లు కాస్త పెద్దవి. రెండేసి పోగులు కలిసి నడుస్తున్నాయి.

"అమ్మా యోగితా," అని పిలిచాడు. "అటక మీద నా పొందూరు గావంచా ఉంటాది. పట్టుకురా."

"క్యా హువా పాపా?" అంటూ ఆమె బయటికొచ్చి చందుని చూసింది, తండ్రి ముఖం చూసింది. ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లి గావంచా తెచ్చింది. ఒక అంచు చిరిగి ఉంది, రెండో అంచు బాగుంది.

అప్పన్న ఆ అంచు మీద బిళ్ల పెట్టి, పైన భూతద్దం పెట్టి, పక్కకి జరిగాడు. యోగిత వంగి చూసింది. చాలాసేపు చూసింది. రోడ్డు మీద కూరగాయల బండివాడు రెండిళ్లు దాటి వెళ్లిపోయాడు, ఆమె తల ఎత్తలేదు.

"ఇది ఆటోవోడిచ్చింది కాదు," అన్నాడు అప్పన్న. "ఇది మనిషి జేబులో ఉండగా నలిగినాది. ఆ మనిషి పట్టాలు దాటనేదు. రెండు డబ్బాల మద్దెన కప్లింగు కాడ నిలబడున్నాడు. డ్యూటీలో ఉన్నాడు. నా దగ్గిరికి బిళ్లట్టుకుని వచ్చి అబద్ధమాడితే ఎలాగరా చందూ?"

చందు మెట్టు మీద కూలబడ్డాడు. "అందుకే నీ దగ్గిరికే తెచ్చాను మావయ్యా," అన్నాడు. "సేట్ అడిగినాడన్నది నిజమే. గాని అడక్కపోయినా ఎక్కడో ఓ కాడికి తేవలసిందే. ఎనిమిది నెల్లయి అన్నం దిగతా నేదు."

"చెప్పు," అంది యోగిత.

"డబ్బాలు తగిలించే కప్లరు దవడ వంకరగుంటే సరిచెయ్యడానికి మద్దెలోకెల్లాడు. ఇంజనుకి సెయ్యి ఊపే పని నాది. బయటికొచ్చీసినాడనుకున్నాను. నాను నిద్దరోయి పదారు గంటలయ్యింది. ఊపీసాను." అతను తన కుడి చెయ్యి వేపు చూసుకున్నాడు. "సూపర్‌వైజరు వచ్చి, నోరు మూసుకో, సెయ్యి ఊపింది నువ్వు, జైలుకి ఎల్లేది నువ్వే అన్నాడు. పెద్ద లైను కాడికి నలుగురం మోసీసాం. రిజిస్టరు వాళ్లే మార్చీసుకున్నారు. మోసేటప్పుడు సొక్కాలోంచి పసుపు మూట కింద పడింది. ముడుపు మట్టిలో వదిలీకూడదు కదా. తీసి దాచాను. ఎక్కడా పారెయ్యలేను, హుండీలో నాను వెయ్యలేను. నా మొక్కు కాదు కదా."

"తో ఆజ్ తక్ క్యూఁ నహీ బోలా?" ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదని నిలదీసింది యోగిత.

"భయ్యం వేసినాది వదినా. సోనీకి కూడా సెప్పనేదు. పెట్టెలో బిళ్లని అదే సూసింది."

అప్పన్న బిళ్లని గావంచాలో మడుస్తూ, అలవాటుగా లెక్క చూసుకున్నాడు. ముడుపు పదకొండు. ఇది పది.

"మరి రూపాయేదిరా?"

చందు తల వంచుకున్నాడు.

"ఏదిరా? రెండో బిళ్ల కూడా నలిగే ఉంటాది. అదీ కావాల."

"నీకే ఇచ్చాను మావయ్యా," అన్నాడు చందు. "ఘాట్ కాడ. ఎవుడి దగ్గిరా చిల్లర నేకపోతే ముడి విప్పీసాను. అతని రూపాయే కదా, అతనికే పోతాదని."

అప్పన్న కుడి చేతి బొటనవేలు ఎత్తి చూసుకున్నాడు. ఆ రోజు బిళ్ల ఎందుకు నిలవలేదో ఇప్పుడు తెలిసింది. అది వంగి ఉంది. నొక్కినప్పుడు వేలికి గరుకుగా తగిలింది, పసుపులో నూక ఉందనుకున్నాడు. ఊళ్లో అందరి బిళ్లల్నీ ఎండకి పెట్టి చూసినవాడు, తన చేతికొచ్చిన దాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి వంచి చూసి ఉంటే, శవం అక్కడే ఉంది, నలభై మంది అక్కడే ఉన్నారు. మంట పెట్టనిచ్చేవాడు కాదు. దానికి బదులు పసుపు మెత్తి, కనబడకుండా నొక్కి, తన చేత్తోనే కాల్చేశాడు.

"పాపా," అంది యోగిత.

"ఏటీ నేదమ్మా," అన్నాడు. ఆ రోజు ఇంకెవరి బిళ్లా చూడలేదు.

వెళ్లబోతున్న చందుతో యోగిత ఒక్క మాటే అంది. "మంగళవారం పది గంటలకి. రాకపోతే నేను వచ్చి పిలవను."

మంగళవారం లేబర్ ఆఫీసులో తండ్రీ కూతురూ తొమ్మిదిన్నరకే బెంచీ మీద కూర్చున్నారు. పదయింది. పదిన్నరయింది. అధికారి పిలిచాడు. బిళ్లనీ గావంచానీ చూసి, నాణెం సాక్ష్యం చెబుతుందా అని నవ్వాడు. అప్పన్న నవ్వలేదు. దెయ్యం చూపించాడు, ఉబ్బిన అంచు చూపించాడు, జంట పోగులు చూపించాడు. తన హిందీలో, తన యార్డు మాటల్లో, రెండు పిడికిళ్లు ఎదురెదురుగా తెచ్చి గుద్ది చూపించాడు. అధికారి నవ్వు ఆగింది గాని కలం లేవలేదు.

"బాగా చెప్పావు. కానీ పెద్దాయనా, బిళ్ల ఎవరి జేబులోదో బిళ్ల చెప్పదు కదా," అన్నాడు. మూల కుర్చీలో ఠేకేదారు మనిషి కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

అప్పుడొచ్చాడు చందు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, వెనక సోనీతో. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. అతను ఎవరి వైపూ చూడకుండా తిన్నగా బల్ల దగ్గరికెళ్లి, "ఇంజనుకి సెయ్యి ఊపింది నానే సార్," అన్నాడు.

ఠేకేదారు మనిషి కాలు దించాడు.

గంటసేపు రాశారు. అధికారి పాత కాగితం తీసి 'పట్టాలు దాటుతూ' అన్న మాట మీద గీత కొట్టి, పైన 'పని చేస్తుండగా' అని రాసి, యోగితకి చదివి వినిపించాడు. తాగిన మాట కూడా కొట్టేయమంది. కొట్టేశాడు. ఆమె ఆ కాగితం వైపు చూస్తూ నిలబడింది. నీళ్లు రాలేదు. ఏడిస్తే ఆ మాటలు తడిసి చెరిగిపోతాయన్నట్టు నిలబడింది.

రాసిన దాంట్లో మొదటి తప్పు చందుదే అయింది. అజాగ్రత్త అని ఠేకేదారు మనిషే అధికారికి మాట అందించాడు. సూపర్‌వైజరు పేరు మూడో పేజీలో ఎక్కడో ఉంది. మధ్యాహ్నం పోలీసు జీపొచ్చింది. చందు ఎక్కేటప్పుడు అప్పన్న వైపు తిరిగి, "ముడుపు కొండకి ఎల్లాల మావయ్యా," అన్నాడు. జీపు వెళ్లిపోయింది. దాని వెనకే ఠేకేదారు మనిషి తన కారులో ఇంటికెళ్లాడు.

సోనీ గేటు దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. యోగిత వెళ్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. యోగిత తన టిఫిన్ డబ్బా మూత తీసి మధ్యలో పెట్టింది. ఎవరూ తినలేదు.

లోపల గుమాస్తా బిళ్లని చిన్న కవరులో పెట్టి, లక్కతో ముద్ర కొట్టి, పైన ఏదో రాశాడు.

"ఏటి రాసావు బాబూ?" అన్నాడు అప్పన్న.

"దెబ్బతిన్న నాణెం ఒకటి. విలువ పది రూపాయలు."

అప్పన్న తలూపాడు. ఆయన్ని అడిగినా అలాగే రాయమనేవాడు.

"సాక్షి సంతకం. రాదా? అయితే వేలిముద్ర," అంటూ గుమాస్తా సిరా డబ్బా జరిపాడు.

అప్పన్న బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద పెట్టాడు. ముద్ర సగమే పడింది.

"గట్టిగా నొక్కు పెద్దాయనా," అన్నాడు గుమాస్తా.

అప్పన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలిని ఎదురుగా పట్టుకుని, కిటికీ ఎండలోకి కాస్త ఏటవాలుగా వంచి, సిరా నిండిన గీతల్ని ఒక్కొక్కటే చూశాడు. వెనక జనం గొణిగారు. పూర్తిగా చూశాకే ఆ వేలు కాగితం మీద పెట్టి నొక్కాడు.